మీ తాతగారు డిపార్ట్‌మెంటా, ఈడీనా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అమ్మగారి నాన్నగారు కృష్ణా జిల్లా దివిసీమలో పోస్టులో పనిచేశారు. తొంభైల్లో రిటైరై, ఆ తర్వాత కొన్నేళ్ళకు పోయారు. ఇంట్లో మిగిలినవి ఒక ఖాకీ చొక్కా, తోలుసంచి, తీగకు గుచ్చిన ఉత్తరాల కట్ట, పెన్సిలుతో రాసిన చిన్న డైరీ. ఆయన తండ్రి కూడా "టపా మోసేవాడట" అని అమ్మమ్మగారు అంటారు. "వాళ్ళ కథ రాయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి? ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ సంఘటనలంటూ ఏమీ లేవు" అని అడిగారు. ఆ చివరి మాట మాత్రం ఇప్పుడే వెనక్కి తీసుకోండి. ఊళ్ళో పెద్దరైతు గడపా పల్లెలో చివరి గుడిసె గడపా రెండూ రోజూ తొక్కిన మనిషి ఆయన. ఆ రోజుల్లో అలా తిరిగినవాళ్ళు ఊరికి ఒక్కరో ఇద్దరో ఉండేవాళ్ళు.

నేను తపాలా శాఖలో 38 ఏళ్ళు పనిచేసి 2013లో సబ్ పోస్టుమాస్టరుగా దిగిపోయాను. మా నాన్నగారు దివిసీమలోనే ఒక చిన్న ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరు. మా ఇంటి కథ నేనూ ఇలాగే ముక్కలు ముక్కలుగా వెతికి రాసుకున్నాను. అందుకే ఇంత పొడుగ్గా చెబుతున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. మీ తాతగారు డిపార్ట్‌మెంటా, ఈడీనా?

ఊళ్ళోవాళ్ళకి అందరూ "పోస్టు ఆయనే". లోపల మాత్రం అవి రెండు వేరువేరు బతుకులు. డిపార్ట్‌మెంటు పోస్టుమాన్ అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. నెల జీతం, సెలవులు, పీఎఫ్, పింఛను అన్నీ ఉండేవి. ఈడీ అంటే ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంటు. రోజుకి మూడు నుంచి ఐదు గంటల పని, దానికి అలవెన్సు. కాగితం మీద జీతం అనే మాటే ఉండేది కాదు. వేరే బతుకుతెరువు ఉన్న మనిషి తీరిక వేళలో పోస్టు పని చూస్తాడన్నది ఆ ఏర్పాటు వెనకున్న ఆలోచన. ఆ గంటల లెక్క టపా బస్సుకి తెలియదు కదా, రోజంతా ఆ పనికే కట్టుబడి ఉండేవాళ్ళు. 1964 నాటి నియమావళి మీద నడిచిన ఈ ఈడీలనే 2001 నుంచి గ్రామీణ్ డాక్ సేవక్‌లు అంటున్నారు. వీళ్ళు కూడా సివిల్ పోస్టులో ఉన్నవాళ్ళేనని సుప్రీంకోర్టు 1977లో తీర్పు ఇచ్చింది. అయినా డిపార్ట్‌మెంటు ఉద్యోగికి వచ్చే పింఛను వీళ్ళకి రాలేదు.

ఇది తేల్చుకోవడానికి ఏ ఆఫీసుకీ వెళ్ళనక్కర్లేదు. అమ్మమ్మగారికి నెలనెలా ఫ్యామిలీ పింఛను వస్తోందా? వస్తుంటే డిపార్ట్‌మెంటు. తాతగారు ఎన్నో ఏట దిగిపోయారు? 58కి అయితే డిపార్ట్‌మెంటు, 65కి అయితే ఈడీ. (డిపార్ట్‌మెంటు వాళ్ళకి 60 అయింది 1998లో.) రెండూ అయి ఉండే అవకాశం కూడా బాగానే ఉంది. ఈడీగా చేరి, పరీక్ష రాసి, ఖాళీ వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఎదురుచూసి పోస్టుమాన్ అయినవాళ్ళు నాతో ఎంతోమంది పనిచేశారు. ఈడీగా చేసిన ఏళ్ళు పింఛను లెక్కలోకి రావు. పింఛనుకి కనీసం పదేళ్ళ సర్వీసు కావాలి. ఆలస్యంగా పర్మనెంటైన మనిషికి ఆ పదేళ్ళు నిండాయా లేదా అన్నదాని మీద ఆ ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి, పిల్లవాడి కాలేజీ చదువు ఆధారపడి ఉండేవి. మీ అమ్మగారి తోబుట్టువుల్లో ఎవరు చదువుకున్నారో, ఎవరు మధ్యలో మానేశారో రాసుకుని, పక్కన తాతగారి ఉద్యోగం తేదీలు వేసి చూడండి. చాలా ఇళ్ళల్లో రెండూ అతికినట్టు సరిపోతాయి.

ఈడీ అని తేలితే ఆఫీసులో కాగితం తక్కువే దొరుకుతుంది. అలాంటప్పుడు భూమి కాగితాలు చూడాలి. ఆ రోజుల్లో బ్రాంచి పోస్టుమాస్టరుగా, అంటే పల్లెలో చిన్న పోస్టాఫీసు నడిపే ఈడీగా, తీసుకోవాలంటే ఆ మనిషికి తన పేరు మీద ఆస్తో ఆదాయమో ఉండాలి, ఆ ఊళ్ళోనే కాపురం ఉండాలి, ఆఫీసుకి చోటు తనే చూపించాలి, జామీను కూడా ఇవ్వాలి. మా నాన్నగారిని 1965లో తీసుకున్నారు. మా తాత బతికుండగానే, ఉమ్మడి కుటుంబంలో, ఒక ఎకరం పొలం నాన్న పేర ఎందుకు రాశారో మా బాబాయిలకి చాలాకాలం అర్థం కాలేదు. దాని మీద ఇంట్లో మాటలు కూడా పడ్డాయి. నేను పెట్టె అడుగున ఆ దస్తావేజు చూసేసరికి సంగతి తెలిసింది. పోస్టాఫీసు ఉత్తర్వుకి సరిగ్గా రెండు నెలల ముందు తేదీ ఉంది దాని మీద. ఆ ఎకరం పోస్టాఫీసు కోసం రాసింది. ఆ కాగితం మా బాబాయి చేతిలో పెడితే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. మీ ఇంట్లో అలాంటి అర్థంకాని భాగపంపకం ఏదైనా ఉంటే, ఆ తేదీ దగ్గర ఆగండి.

ఈడీకి సెలవు కావాలంటే తన బదులు మనిషిని తనే చూపించాలి. అతను చేసే పనికి పూచీ కూడా తనదే. అంటే సెలవు చీటీలో తమ్ముడిదో కొడుకుదో పేరు ఉండి తీరుతుంది. మా నాన్న దాచుకున్న సెలవు చీటీల నకళ్ళలో మా పెద్దన్నయ్య పేరు పదే పదే ఉంది. వాడు కాలేజీకి ఎందుకు వెళ్ళలేకపోయాడో ఆ చీటీలు చెప్పినంత స్పష్టంగా మా ఇంట్లో ఇంకెవరూ చెప్పలేదు.

ఇంకో మాట. ఆస్తి ఉండాలన్న ఆ ఒక్క నియమం వల్ల బ్రాంచి పోస్టుమాస్టరు పని ఎక్కువగా భూమి ఉన్నవాళ్ళకీ, బడిపంతుళ్ళకీ, అంగడి ఉన్నవాళ్ళకీ వెళ్ళేది. భూమి లేని ఇంటివాళ్ళకి సంచి మోసే పనో, ఉత్తరాలు పంచే పనో దక్కేది. మీ తాతగారి హోదా ఏమిటో తెలిస్తే ఆ ఊళ్ళో మీ కుటుంబం ఏ మెట్టు మీద ఉండేదో తెలుస్తుంది. మీ ముత్తాతగారు టపా మోసేవారంటే రన్నరు అయి ఉండాలి. భుజాన సంచి, చేతిలో గజ్జెలు కట్టిన బల్లెం, ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి పరుగు. అప్పట్లో మన జిల్లా మద్రాసు తపాలా సర్కిల్లో ఉండేది. ఆ రన్నర్ల కాగితాలు దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. ఆయన ఏ ఊరినుంచి ఏ ఊరికి మోసేవారో ఇంట్లో పెద్దలకి గుర్తుంటే ఇప్పుడే రాసిపెట్టుకోండి. రన్నరు కొడుకు పోస్టుమాన్ అయ్యాడంటే ఆ మధ్యలో ఎవరో ఆ పిల్లవాడిని బడికి పంపారు. ఎవరు పంపారు, ఏ బడి, ఎన్నో తరగతి దాకా అన్నది కనుక్కోండి. నా లెక్కన మీరు రాయబోయే దాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన అధ్యాయం అదే. ఆ బడి అడ్మిషన్ రిజిస్టరు ఇంకా ఉంటే తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ దొరుకుతాయి. తేదీని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. బళ్ళో వేసిన రోజు పంతులుగారు తోచిన తేదీ రాసేవారు. నాతో పనిచేసినవాళ్ళలో చాలామంది పుట్టినరోజు జులై ఒకటే.

తాతగారు డిపార్ట్‌మెంటు అయితే వెతకాల్సింది సర్వీసు బుక్కు. దాన్ని అందరూ జీతాల లెక్క అనుకుంటారు. మొదటి పేజీలో తండ్రి పేరు, ఊరు, కొలిచిన ఎత్తు, ఒంటి మీద గుర్తుపట్టే పుట్టుమచ్చలు, వేలిముద్రలు ఉంటాయి. తాతగారి ఫొటో ఒక్కటీ లేదన్నారు కదా. ఆయన ఎంత పొడుగో, మచ్చ ఏ చేతి మీద ఉందో అక్కడ దొరుకుతుంది. సెలవు ప్రయాణ రాయితీ కోసం ఇచ్చిన స్వస్థలం ప్రకటన ఉంటుంది. మీ పూర్వీకుల ఊరు మీరనుకునేదీ అక్కడున్నదీ ఒకటి కాకపోవచ్చు. కుటుంబ వివరాల ఫారంలో భార్య, పిల్లలు, పుట్టిన తేదీలు ఉంటాయి. పసితనంలో పోయిన బిడ్డల పేర్లు, ఇంట్లో ఎవరూ పలకని పేర్లు, కొన్నిసార్లు ఆ ఫారంలోనే మొదటిసారి కనిపిస్తాయి. అమ్మమ్మగారిని అడిగేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

పీఎఫ్ అడ్వాన్సుల పద్దు కూడా చూడండి. అడ్వాన్సు కావాలంటే కారణం రాయాలి. కూతురి పెళ్ళి, వైద్యం, చదువు. ఇంట్లో ఎవరికీ తేదీ గుర్తులేని పెళ్ళి అక్కడ నెలతో సహా ఉంటుంది. ఎంత తీసుకున్నారో, ఎన్ని వాయిదాల్లో కట్టారో చూస్తే ఆ రెండుమూడేళ్ళు ఇల్లు ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు. "డైస్‌నాన్" అన్న మాట కనిపిస్తే ఆ రోజు సర్వీసు లెక్కలోకి రాలేదని అర్థం. తేదీ 1968 సెప్టెంబరు 19 అయితే ఆయన కేంద్ర ప్రభుత్వోద్యోగుల సమ్మెలో ఉన్నారన్నమాట. 1960 జులైలో ఐదు రోజుల సమ్మె జరిగింది, అదీ చూడండి. ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పని మనిషి సమ్మెలో నిలబడ్డాడని తెలిస్తే మీరు రాసే తీరు మారిపోతుంది. 1983 నవంబరు 30 నాటి పథకంతో 16 ఏళ్ళు నిండినవాళ్ళకీ, 1991 అక్టోబరు 1 నుంచి 26 ఏళ్ళు నిండినవాళ్ళకీ పై జీతం స్కేలు ఇచ్చారు. ఆ ఎంట్రీలుంటే చేరిన సంవత్సరం వెనక్కి లెక్కగట్టుకోవచ్చు.

ఇవి సంపాదించే దారి ఇది. అమ్మమ్మగారి పింఛను పుస్తకంలో పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు ఉంటుంది. అది పెట్టి, ఆయన చివరగా పనిచేసిన డివిజన్ సూపరింటెండెంటు ఆఫీసుకి ఆవిడ పేరుతోనే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు, 30 రోజుల్లో జవాబు రావాలి. "మా తాతగారి వివరాలు ఇవ్వండి" అని రాస్తే పని జరగదు. సర్వీసు బుక్కు మొదటి పేజీ నకలు, కుటుంబ వివరాల ఫారం, నామినేషన్లు, స్వస్థల ప్రకటన, ఆయన పేరున్న గ్రెడేషన్ లిస్టు (సీనియారిటీ జాబితా) పేజీ అని విడివిడిగా అడగండి. పింఛను లెక్కలు సర్కిల్ తపాలా అకౌంట్స్ ఆఫీసు చూస్తుంది, ఇక్కడ లేదంటే అక్కడ అడగండి. పాత కాగితాలు కలకాలం ఉంచరు, ఈ నెలలోనే పెట్టండి.

కాగితాల సంగతి ఇంతే. ఇక మనిషి సంగతి.

పోస్టుమాన్ రోజు ఎలా గడుస్తుందో టపా సంచిని బట్టి ఉంటుంది. సంచి రావాలి, లక్క సీలు సరిచూసి విప్పాలి, తారీఖు ముద్రలు వేయాలి, బీటువారీగా, అంటే ఒక్కో పోస్టుమాన్ తిరిగే చోట్లని బట్టి, సార్టింగ్ చేయాలి, మనియార్డర్లకి డబ్బు లెక్కపెట్టుకుని సంతకం పెట్టి తీసుకోవాలి, అప్పుడు సైకిలెక్కాలి. సాయంత్రం తిరిగొచ్చి బట్వాడా కానివాటి మీద కారణం రాసి, మిగిలిన డబ్బు పైసలతో సహా అప్పజెప్పాలి. రూపాయి తగ్గితే తన జేబులోంచే. ఆ ఇంట్లో భోజనాల వేళలు, పిల్లల బడి వేళలు, పండగ పూట స్నానాలు కూడా టపా బస్సు వేళను బట్టే జరిగేవి. మా ఇంట్లో వసారానే ఆఫీసు. నాన్న పొలానికి వెళ్ళినప్పుడు ఎవరైనా కార్డుకోసం వస్తే అమ్మే ఇచ్చేది. రాత్రి తలుపు తట్టి "అమ్మా, మావాడి మనియార్డరు వచ్చిందా?" అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పేదీ అమ్మే. నియమాల్లో ఆమె పేరు ఎక్కడా లేదు. మీ అమ్మమ్మగారిని "తాతయ్య ఏం చేసేవాడు" అని కాకుండా "నువ్వేం చేసేదానివి" అని అడిగి చూడండి.

మనియార్డరు గురించి కొంచెం ఆగి రాయండి. పంపేవాళ్ళకి ప్రతి 20 రూపాయలకీ ఒక రూపాయి కమిషను ఉండేది. కింద చిన్న కూపను, అందులో రెండు ముక్కలు రాసేవాళ్ళు. చదువురాని తల్లికి డబ్బు ఇచ్చి, కూపను చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, సాక్షి సంతకం తీసుకుని, చాలాసార్లు అక్కడే అరుగు మీద కూచుని జవాబు కార్డు కూడా రాసిపెట్టేవాడు పోస్టుమాన్. టెలిగ్రాం అయితే వేరే కథ. మనిషి గుమ్మంలోకి రాగానే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది, మంచి వార్త అయినా సరే. అందుకే తెలివైనవాళ్ళు దూరం నుంచే "శుభవార్తే, శుభవార్తే" అని కేకేస్తూ వచ్చేవాళ్ళు.

మీ తాతగారిది దివిసీమ కాబట్టి 1977 తప్పించుకోలేరు. నవంబరు 19, శనివారం, ఉప్పెన వచ్చింది. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది, సీమకి ఇవతలి ఒడ్డున ఒక సబ్ పోస్టాఫీసులో గుమాస్తాని. గాలి తగ్గాక నేను చూసిన శవాల గురించీ కూలిన ఇళ్ళ గురించీ చాలామంది రాశారు, నేను మళ్ళీ రాయను. ఉత్తరాల సంగతి చెబుతాను. కొన్ని రోజులకి టపా కదిలింది. మద్రాసు నుంచి, హైదరాబాద్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో కార్డులు. "క్షేమమా? వెంటనే జవాబు రాయండి." ఒకే చేతిరాతతో ఒకే అడ్రసుకి నాలుగు రోజుల్లో నాలుగు కార్డులు. తీసుకోవడానికి మనుషుల్లేరు, కొన్నిచోట్ల ఇళ్ళూ లేవు. ఎవరున్నారు, ఎవరు పోయారు, మిగిలినవాళ్ళు ఏ శిబిరంలో ఉన్నారు అన్నది బీటు తెలిసిన పోస్టుమాన్ చెప్పాలి. అతని తలలో ఉన్నంత జాబితా ఇంకెక్కడా లేదు. ఒక పోస్టుమాన్ మా టేబులు దగ్గర నిలబడి, కట్టలోంచి ఒక్కో కార్డూ తీసి, వెనక "అడ్రసుదారు మరణించారు" అని రాస్తూ, మధ్యలో ఒక కార్డు దగ్గర ఆగిపోయి, దాన్ని జేబులో పెట్టుకున్నాడు. నియమం ప్రకారం నేను అడగాలి. అడగలేదు. మర్నాడు తనే తెచ్చి ఇచ్చాడు, రాసి. అది ఎవరిదో ఇప్పటికీ నాకు తెలియదు. మీ తాతగారు ఆ రోజుల్లో ఎక్కడున్నారో, ఏ ఊళ్ళు ఆయన బీటో మొదట తేల్చండి. డైరీ ఆ సంవత్సరానిదైతే ఆ నెల పేజీలు ఖాళీగా ఉన్నా సరే, ఖాళీగా ఉన్నాయని రాయండి.

తీగ కట్టని ఒక్కసారిగా ఊడదీయకండి. కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది, ఆ వరసే మీకు కాలక్రమం. ఫొటోలు తీశాకే విప్పండి. ముద్ర చెరిగిపోతే తేదీ పట్టడానికి వేరే గుర్తులున్నాయి. తపాలా బిళ్ళ మీద అణాలుంటే దశాంశ నాణేలు వచ్చిన 1957కి ముందుది కావచ్చు. నయాపైసలుంటే ఆ తర్వాతి ఏడెనిమిదేళ్ళది. ఇన్లాండు లెటరు 1950లో వచ్చింది. అడ్రసులో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. మన దివిసీమవి 521తో మొదలవుతాయి. వెనకవైపు పడే ముద్ర బట్వాడా ఆఫీసుది. ముందు ముద్రకీ దానికీ మధ్య ఎన్ని రోజులో లెక్కపెడితే ఆ కాలంలో కబురు ఎంత వేగంగా నడిచిందో తెలుస్తుంది.

డైరీలో "ఎం.ఓ. 30", "వి.పి.", "రి." అని పేర్ల పక్కన ఉంటే అవి మనియార్డరు, వీపీపీ (డబ్బు కట్టి తీసుకునే పార్సిలు), రిజిస్టరు ఉత్తరం. ఇక్కడ మీకు గట్టిగా ఒకటి చెప్పాలి. ఎవరింటికి ఎంత డబ్బు వచ్చింది, ఎవరు ఎవరికి రాశారు అన్నది బయటపెట్టకూడదన్నది మా పనిలో మొదటి నియమం. మీ తాతగారు అది పాటించి ఉంటారు కనుకనే "ఆయన ఏమీ చెప్పేవాడు కాదు" అని మీ ఇంట్లో అంటున్నారు. ఆ పేర్లు మీ పుస్తకంలోకి తేకండి. కొడుకు డబ్బు పంపడం మానేసిన ఇంటిదో, వెనక్కి తిరిగొచ్చిన ఉత్తరానిదో, ఆ మనవలు ఈనాటికీ అదే ఊళ్ళో ఉంటారు. ఆయన తీసుకున్న జాగ్రత్త మీరూ తీసుకోండి.

అమ్మమ్మగారికి ఎనభై దాటాయన్నారు. అర్జీ, రిజిస్టరు, దస్తావేజు అన్నీ తర్వాత. ఈ ఆదివారం వెళ్ళి పక్కన కూచోండి. తాతగారి గురించి అడగొద్దు. "పొద్దున టపా ఎన్నింటికి వచ్చేది, అప్పటికి నువ్వు ఏం వండి పెట్టేదానివి?" అని అడగండి. ఆవిడ చెప్పింది, చెప్పినట్టే, ఆవిడ మాటల్లోనే రాసుకోండి. తర్వాత ఆ డైరీ పేజీలు రెండు ఫొటో తీసి పెట్టండి, అక్షరాలు పోల్చుకోవడానికి నేను సాయం చేస్తాను.